నంబరు చూడని చెయ్యి

బీగం కన్నంలో రెండు చుక్కలు నూనె వేసి, తలకిందులు చేసి, మళ్లీ రెండు చుక్కలు వేశాడు నరసింహప్ప. సన్నగా చింపిన గుడ్డపీలికను పుల్లకు చుట్టి లోపల తిప్పి తీశాడు. నల్లగా వచ్చింది. ఇంకోటి చుట్టాడు. కొంచెం మేలు. మూడోది తెల్లగా వచ్చేదాకా ఆయన గేటు తీయడు. బయట పదకొండు మంది కూలీలు, సోలార్ ప్యానెళ్లు కడిగేవాళ్లు, తలలకు టవళ్లు చుట్టుకొని చలిలో నిలబడి ఉన్నారు.

"అది గేటు బీగమప్పా, తుపాకి కాదు" అంది మారక్క. ఆ గుంపుకు పెద్ద ఆమే. "నువ్వు తోమేలోగా ఎండెక్కి అద్దాలు కాల్తాయి. కాలినాక నీళ్లు పోస్తే పగుల్తాయి. అప్పుడు నీ తలకాయ పెడ్తావా ఆడ?"

"తుప్పు పడితే రేపు నువ్వే తిడ్తావు."

"తుప్పు నీకు పట్టిందిలే. తియ్యి, తియ్యి."

అందరూ నవ్వారు. రామాంజినేయులు ఒక్కడే నవ్వలేదు. "అన్న చేతి పని అట్లాంటిదిలే మారక్కా" అన్నాడు. వాడి కుడి కన్ను ఉండవలసిన చోట ముడుతలు పడిన తోలు మాత్రం ఉంది. ఎడమ కన్నుతో నరసింహప్పను చూసి తలూపి, పొడుగాటి వైపరు కర్ర భుజాన వేసుకొని లోపలికి నడిచాడు.

నరసింహప్ప ఆ చూపును తప్పించుకొని రిజిస్టరు తెరిచాడు. నిన్న సాయంత్రం నుంచి ఆ కన్నును సూటిగా చూడలేకపోతున్నాడు. పంతొమ్మిదేళ్ల నుంచి చూడలేకనే ఉన్నాడు గానీ, నిన్నటి నుంచి అది వేరే రకం.

వల్లూరు చుట్టూ ఒకప్పుడు శెనక్కాయ చేలు. ఇప్పుడు కొండ మొదలు దాకా నీలం అద్దాలు, వాటి కింద దుమ్ము, వరసల మధ్య కేబుళ్ల కోసం తవ్వి పూడ్చిన కాలువల గుర్తులు. చేలు లీజుకిచ్చిన వాళ్లు ఆ చేలలోనే కాపలా ఉంటున్నారు, అద్దాలు కడుగుతున్నారు. నరసింహప్పకు చేను కూడా లేదు. వేరే జిల్లాలో రిజర్వు పోలీసు ఆర్మరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు తుపాకులు తుడిచి రిటైరై, ఊరికి వచ్చి, ఈ నీలం చొక్కా తొడుక్కున్నాడు. చేతికి ఒక లాఠీ ఇచ్చారు. తుపాకుల మధ్య బతికినా మనిషి మీద ఒక్క తూటా పేల్చలేదు. ప్రమోషనూ రాలేదు. పేపర్లో పేరూ పడలేదు. రిటైరైన రోజు ఒక శాలువా కప్పి, ఫొటో తీసి, ఆ ఫొటో పంపడం మరిచిపోయారు.

ఆయన తుడిచినవి త్రీ నాట్ త్రీ రైఫిళ్లు. నాలుగు కిలోల బరువు, పది తూటాలు, కండ కట్టిన చెయ్యి లాంటి కట్టె. మెడ దగ్గర ఇనుప పట్టీ మీద కిరీటం గుర్తు, 1917 అని సంవత్సరం. తెల్లవాళ్ల దేశంలో మనుషులు ఏళ్ల తరబడి కందకాల్లో బురదలో పడుకొని కాల్చుకున్న యుద్ధం కోసం చేసినవి. ఆ బురద లోపలికి పోకుండా సిపాయిలు తుపాకి నడుముకు గుడ్డ చుట్టుకునేవాళ్లట. నీళ్ల డబ్బా తొడిగిన మరతుపాకులు రాత్రింబగళ్లు కాలిస్తే ఆ నీళ్లు మరిగేవట, వాటితోనే టీ కాచుకునేవాళ్లట. పాత సుబేదారు ఒకాయన చెప్పేవాడు. అలాంటి మరతుపాకి ఒకటి రిజర్వు గేటు పక్కన దిమ్మె మీద ఉండేది. ఏటా ఆగస్టులో దానికి వెండి రంగు కొట్టేవాళ్లు. ఒకసారి ఒక రైఫిలు కట్టె విప్పినప్పుడు గొట్టం కింద తెల్లటి మన్ను పెచ్చు కనబడింది. అది మన నేల మన్ను కాదు. నరసింహప్ప దాన్ని గోటితో గీరి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆ మన్ను మీద పడుకున్నవాడు బతికాడో లేదో. తుపాకి మాత్రం బతికి వచ్చి, బందోబస్తుల్లో ఎండకు ఎండింది.

నక్సలైట్ల భయం ఉన్న ఏళ్లలో పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. తుపాకులు ఒక గదిలో, తూటా వెనక గొట్టాన్ని మూసే వాటి బోల్టులు ఇంకో గదిలో ఉంచాలి. ఎవరైనా వచ్చి ఎత్తుకుపోయినా బోల్టు లేని తుపాకి వట్టి కర్ర. కావలసినప్పుడు బోల్టు మీది నంబరు, తుపాకి మీది నంబరు సరిచూసి ఎక్కించాలి. ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టినట్టే ఉంటుంది. కానీ పట్టదు. వెంట్రుక వాసి సందు మిగిలినా కాల్చేటప్పుడు తూటా వెనకభాగం తెగి, మంట కాల్చేవాడి మొహం మీదికి వస్తుంది.

నరసింహప్ప నంబరు చూసేవాడు కాదు. కిరసనాయిలు ట్రేలో నుంచి బోల్టు తీసి, అరచేతిలో ఒకసారి ఎగరేసి, "ఇది మూడు వందల రెండుది" అనేవాడు. చూస్తే అదే. ఆఫీసర్లు వస్తే ఆయన కళ్లకు టవలు కట్టి ఆడించి చూపేవాళ్లు. పేరు లేని మనిషికి ఆ కాసేపు ఒక పేరు ఉండేది. పంతొమ్మిదేళ్ల కిందట, కొత్త రిక్రూట్లకు ఫైరింగు ఉన్న ఉదయం, వాళ్ల ముందర కూడా టవలు కట్టుకొని ఇరవై బోల్టులు ఎక్కించాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత నంబర్లు సరిచూడాలి. చప్పట్లు కొట్టాక మళ్లీ కళ్లద్దాలు పెట్టుకొని చూసుకుంటే ఏం బాగుంటుంది? చూడలేదు.

417 తుపాకి కానిస్టేబుల్ రామాంజినేయులు చేతికి వెళ్లింది. రెండో తూటాకే మంట వెనక్కి వచ్చింది. అందరూ వాణ్ణి ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తారు. ఫైరింగు రేంజిలో నరసింహప్ప ఒక్కడే మిగిలాడు. కాలి నల్లబడిన బోల్టు తీసి చూస్తే, దాని మీద 862 అని ఉంది.  గంటసేపటికి ఎవరో వచ్చేసరికి 417లో 417 బోల్టు ఉంది, 862లో 862 ఉంది.

విచారణకు వచ్చిన అధికారి నంబర్లు మాత్రమే చూశాడు. రెండూ ఒకటే. బోల్టు మొహం మీద మసి లేదెందుకని అడగలేదు. కానిస్టేబుల్ బోల్టు సరిగ్గా మూయలేదని, 'స్వంత అజాగ్రత్త' అని రాసి ఇంటికి పంపారు. అప్పటికి రామాంజినేయులుకు ఇరవై మూడేళ్లు. ఆ రెండు మాటలు కాగితం మీద నుంచి కొట్టేయించాలని వాడు పెట్టుకున్న అర్జీల్లో ఇది మూడోది. రెండేళ్ల కిందట వాడికి ఈ అద్దాలు కడిగే పని ఇప్పించింది నరసింహప్పే. పుణ్యాత్ముడు అని వాడి భార్య నేత్రావతి మూడు కొబ్బరికాయలు తెచ్చి కాళ్లకు మొక్కింది.

కాలిన 862 బోల్టు, తుడిచినా పోని మసితో, ఇంతకాలం ఆర్మరీలోనే ఉంది. సీలు వేసిన 417 కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే 417లో పేలింది ఏ బోల్టో చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నిన్న సాయంత్రం ఇప్పుడక్కడ పని చేసే మధుకుమార్ ఫోను చేశాడు. పాత త్రీ నాట్ త్రీలన్నీ కోసి కరిగించడానికి పోతున్నాయట. సీలు వేసినవి కూడా. రేపు నాలుగింటికి లారీ.

అంటే ఇవాళ. ఒక్క ఫోను చేసి, ఆ రెండూ పక్కన పెట్టమంటే చాలు. ఎందుకని అడుగుతారు. చెప్పాలి. చెబితే రామాంజినేయులు కాగితం మారుతుంది, తన పెన్షను, పేరు, బహుశా మిగిలిన నాలుగేళ్ల నిద్రా పోతాయి.

పదింటికి అద్దాలు వేడెక్కాయి, కడగడం ఆపేశారు. తర్వాత అద్దాల కింద గడ్డి పీకే పని. పన్నెండున్నరకు అందరూ ప్యానెళ్ల నీడలోకి దూరారు. రామాంజినేయులు గేటు దగ్గరికి వచ్చి, నరసింహప్ప ముందర రాగి సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టాడు.

"తినన్నా. నేత్రావతి నీకని వేరేగా పెట్టింది."

"నాకు ఆకలి లేదురా."

"నీకెప్పుడు ఉండాది? తిను." వాడు సంగటి ముద్ద తుంచి మింగాడు. "బెంగళూరు లాయరు ఫోను చేసినాడన్నా. నా అర్జీ మీద వచ్చే నెల పదకొండుకు పిలుస్తారంట. సాక్షి ఎవరన్నా ఉండారా అని అడిగినాడు."

నరసింహప్ప ముద్దను పళ్లెంలోనే తిప్పుతున్నాడు.

"నువ్వు వస్తావా? ఏం లేదు, ఒక్క మాట. వీడు తుపాకి పద్ధతిగా పట్టుకునేవాడు, తాగి రాలేదు, తిక్కతిక్కగా చేసేవాడు కాదు అని. తుపాకుల మనిషి చెప్తే వింటారు."

"చూస్తాంలే."

"చూస్తాం అంటే కాదన్నా. వస్తానను."

"వస్తా."

రామాంజినేయులు మొహం విచ్చుకుంది. చేయి కడుక్కొని, పక్కనున్న ప్యానెలు కింద టవలు పరుచుకొని పడుకున్నాడు. నిద్రపోయినా మూయడానికి వాడికి ఒక్క కన్నే.

మూడింటికి నరసింహప్ప ఫోను తీశాడు. మధుకుమార్‌కు చేశాడు.

"ఏం మామా, నీ బిడ్డలు పోతాండారని ఏడుస్తాండావా?" అన్నాడు మధుకుమార్. వెనక ఇనుము ఇనుము మీద పడే చప్పుడు.

"ఎక్కించేసినారా?"

"సగం అయినాయి. బోల్టులన్నీ పీకి ఒక డ్రమ్ములో పోసినాము."

"నంబర్లు చూడల్యా?"

"కోసేదానికి నంబరెందుకు మామా?" మధుకుమార్ నవ్వాడు. "ఏమన్నా పనుండాదా? చెప్పు, సాహెబు ఈడే ఉండాడు, ఇస్తా మాట్లాడు."

డ్రమ్ములో చెయ్యి పెడితే ఇప్పటికీ దొరుకుతుంది. మసి పట్టిన మొహం ఉన్నది ఒక్కటే. కళ్లు మూసుకొని తీయగలడు. నరసింహప్ప రామాంజినేయులు వైపు చూశాడు. వాడి ఛాతీ లేస్తోంది, పడుతోంది. నోటి చివర ఒక ఈగ. ఇంట్లో భార్య రంగక్కకు మోకాళ్ల నొప్పులు. వీధిలో వాళ్లు ఇప్పటికీ పోలీసాయన అంటారు.

"ఆ గేటు కాడ మిషన్‌గన్ కూడా పోతాందా?" అని అడిగాడు.

"అది పోదు మామా. దానికి ఆగస్టులో పెయింటు కొట్టల్ల కదా."

నరసింహప్ప ఫోను పెట్టేశాడు.

నాలుగూ పదికి మళ్లీ చేశాడు. లారీ ఇప్పుడే గేటు దాటిందని మధుకుమార్ చెప్పాడు. నరసింహప్ప కుర్చీలో వెనక్కి వాలాడు.  కాసేపటికి ఆకలి కూడా వేసింది. మధ్యాహ్నం వదిలేసిన ముద్ద ఎండి గట్టిపడింది. దాన్ని నీళ్లలో తడుపుకొని తిన్నాడు. తింటూ తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తిన్నాడు.

అద్దాలు చల్లబడ్డాక రెండో పూట కడిగారు. ఐదున్నరకు కూలీలు ఒక్కొక్కరే గేటు దాటి, బయట ఆగిన ఆటో వైపు నడిచారు. చివర రామాంజినేయులు వచ్చాడు. చేతులు మోచేతుల దాకా తడి. లారీ పోయాక నరసింహప్పకు భయం పోయింది. భయం పోయాక నోరు వచ్చింది.

"రామాంజీ, నిలబడు."

"ఏందన్నా?"

"ఆ పొద్దు నీ చేతిలో ఉన్న తుపాకి బోల్టు దానిది కాదు. నంబరు చూడకుండా తప్పుగా పెట్టింది నేను. నువ్వు ఆసుపత్రికి పోయినాక మార్చేసింది కూడా నేనే. నీది ఏం తప్పు లేదు."

రామాంజినేయులు కదలలేదు. వైపరు కర్ర చివర నుంచి నీళ్లు వాడి పాదం మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

"ఆ బోల్టు యాడుండాది?"

"ఇంతకాలం ఆర్మరీలోనే ఉన్నింది. ఇప్పుడు లేదు. కోసేదానికి లారీలో పోయినాయి, అన్నీ."

"ఎప్పుడు?"

"నాలుగింటికి."

"పోతాయని నీకెప్పుడు తెలిసె?"

నరసింహప్ప అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు. "నిన్న సాయంత్రం."

వాడు మెల్లగా తలూపాడు. "మధ్యాన్నం వస్తానంటివి."

"వస్తా రామాంజీ. ఇప్పుడైనా వచ్చి ఉన్నదున్నట్టు చెప్తా."

"ఏం చూపించి చెప్తావు?"

 రామాంజినేయులు వైపరు కర్రను గోడకు ఆనించాడు. అది జారితే మళ్లీ నిలబెట్టాడు. మెడలోని తాడు తీసి, బల్ల మీద ఏదో పెట్టాడు. రిజిస్టరులో సంతకం చేయలేదు.

"గేటు తియ్యండి సార్" అన్నాడు.

తెరిచే ఉన్న గేటును నరసింహప్ప ఇంకా వెడల్పుగా తీశాడు. రామాంజినేయులు ఆటో దాటి, అద్దాల వరసల పక్కనుంచి మంగళవాడ ఊరికి పోయే దారి పట్టాడు.

"రామాంజీ, యాడికప్పా? ఆటో ఈడుండాది!" అని మారక్క అరిచింది. వాడు వెనక్కి తిరగలేదు. ఆమె గేటు వైపు తిరిగింది. "వానికేమాయె నరసింహప్పా? ఏమంటివి వాన్ని?"

"ఏం లేదు" అన్నాడు నరసింహప్ప.

ఆటో పోయింది. దారి మలుపు దాకా రామాంజినేయులు తల కనిపించి, తర్వాత అద్దాల వెనక్కి పోయింది. నరసింహప్ప బల్ల దగ్గరికి వచ్చాడు. రిజిస్టరు మీద కంపెనీ ఇచ్చిన ఐడీ కార్డు, దాని పసుపు తాడు మీద చెమట మరక. తడి వేళ్లతో పట్టుకున్నందుకు ప్లాస్టిక్ మీద మూడు నీటి చుక్కలు నిలిచాయి. పావగడ స్టూడియోలో మొహం పక్కకు తిప్పించి తీసిన ఫొటోలో రామాంజినేయులు, రెండు కళ్లూ ఉన్న మనిషిలాగే, ఎవరినో చూసి నవ్వబోతున్నాడు.