బల్ల ఎత్తు

ఉరుమక్క ఎరువు జల్లిస్తూనే తిడుతోంది. జల్లెడ ఒకసారి ఊగితే మొక్కల తోట మేనేజరును, ఇంకోసారి ఊగితే తమ్ముడిని. ఎదురుగా ఉన్నది తమ్ముడే కాబట్టి అత్త మీది కోపం దుత్త మీద పడ్డట్టు అతనికే ఎక్కువ దక్కుతోంది.

"అర అంత పైన కొడతావేంరా? రోజూ వచ్చి నిచ్చెన నువ్వు మోస్తావా?"

వడ్రంగి తమ్ముడు అరను జానెడు కిందికి దించి మేకు కొట్టాడు. తోటలో అందరూ ఆమెను ఉరుమక్క అనడం ఊరికే కాదు. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ గొంతే. అది వినపడుతోందంటే ఇంట్లో పొయ్యి వెలిగినట్టేనని చిన్నప్పుడే అతనికి తెలుసు.

రేకుల కప్పున్న ఈ చిన్న గది కోసం ఆమె సగం జీవితం అడుగుతూనే ఉంది. ఎండలో, వానలో గొంతుక్కూర్చుని కుండీలకు మట్టి నింపీ నింపీ నడుము వంగిపోయింది. వచ్చిన ప్రతి మేనేజరూ "చూద్దాం" అన్నాడు. చూసినవాడు లేడు. తీరా గోడలు లేచాక ఇప్పటి మేనేజరు కొత్త మాట మొదలుపెట్టాడు. "లోపల బల్ల వేయిస్తున్నాం. దాని దగ్గర నిలబడి చెయ్యలేనివాళ్లు ఇంటికి పోవచ్చు." ఆ నడుము ఎవరి తోటలో వంగిందో అతన్ని అడిగే దిక్కు లేదు. వింటేనే ఒళ్లు మండే మాట అది.

అందుకే బల్లకు కొలత తీసిన రోజు ఆమె ఓ పని చేసింది. కుండీలు నింపే బల్ల, దాని దగ్గర నిలబడే మనిషి మోచేతికి కాస్త కిందుగా ఉండాలి. తమ్ముడు టేపు పట్టుకొచ్చేసరికి మేనేజరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఉరుమక్క పళ్లు బిగబట్టి, గోడకు వీపు ఆనించి నిట్రాటలా నిటారుగా నిలబడింది. అది అక్క ఎత్తు కాదని తమ్ముడికి తెలుసు. తెలిసే ఆ కొలతకు చెక్క కోశాడు.

ఇవాళ బల్ల లోపలికొచ్చింది. ఆమె ఛాతీ దాకా ఉంది. మొదటి కుండీ నింపడానికి చేతులు భుజాల కంటే పైకి లేపాల్సి వచ్చింది. మట్టి మోచేతుల వెంట జారి ఒళ్లంతా పడింది.

"కాళ్లు కొంచెం కోసేస్తానక్కా. ఎంతసేపు!"

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా. నా నడుం వంగిందని వాడికి నువ్వే సాక్ష్యం చెప్తావా?"

"మరెలా చేస్తావు?"

"ఇన్నాళ్లూ ఎలా చేశాను?"

కుండీని కిందికి దించి, కొత్త బల్ల పక్కనే నేల మీద గొంతుక్కూర్చుని మట్టి నింపడం మొదలుపెట్టింది. తమ్ముడికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మేనేజరు మీద, అక్క పంతం మీద, అన్నిటికంటే ఎక్కువ తన టేపు మీద.

మధ్యాహ్నం ఆమె చెయ్యి ఆపి గుండె రుద్దుకుంది. "ఎక్కడో పట్టేసింది. కాసేపు నడుం వాలుస్తా. వాడొస్తే లేపు" అని ఎరువు బస్తాల మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఇదే అదను అనుకున్నాడు తమ్ముడు. కోసేశాక తిడితే తిట్టనీ. బల్లను తిరగేసి, మొదటి కాలు మెల్లగా కోశాడు. ఆమె కదల్లేదు. రెండోది కోశాడు. మూడో కాలులో ముడి తగిలి రంపం కీచుమంది, రేకులు అదిరాయి. తల వంచుకుని తిట్టు కోసం ఎదురుచూశాడు. రాలేదు. నాలుగో కాలు సగం దాకా తెగాక అతని చెయ్యి దానంతటదే ఆగింది. ఇంత రొదకు అక్క తిట్టకపోవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అక్కా."

దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాడు.

"తిట్టవేం అక్కా?"

గుమ్మంలోంచి మేనేజరు గొంతు వినిపించింది. "పని వేళలో పడకేంటి? లేపు."

తమ్ముడు వెనక్కి తిరిగాడు. "నువ్వే లేపు. నీ కోసమే కదా ఆ రోజు అంత నిటారుగా నిలబడింది! ఏదీ, ఇప్పుడు నిలబెట్టు."

మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు. తోటవాళ్లు పనులు వదిలి వచ్చారు. పొద్దు వాలకముందే ఆమెను పాడె మీద మోసుకెళ్లారు.

గదిలో బల్ల వెల్లకిలా పడి ఉంది. మూడు కాళ్లు పొట్టివి. నాలుగోదానిలో రంపం అలాగే ఇరుక్కుని ఉంది.