ఒక్కరోజు ఎలిశబెతు

కోర్టు వాళ్ళు వచ్చే రోజున ఆ ఊళ్ళో కులం ఉండదు. పొద్దున్నే ఎటో వెళ్ళిపోతుంది. వాళ్ళ కారు రొయ్యల గుంటల కట్ట దాటి తారురోడ్డు ఎక్కిందని తెలిశాక తీరిగ్గా తిరిగొచ్చి, ఎవరి అరుగు మీద వాళ్ళను కూర్చోబెడుతుంది.

ఏటా జరిగే ఈ తమాషాను ఎలిశబెతు బడి వంటపాకలోంచి చూస్తూనే ఉంది. అసలు ఆ తమాషాకు మూలం ఆమె మొగుడు క్రీస్తురాజే. తోటపల్లి గూడూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ ఊరికి ఒకప్పుడు రెండు బళ్ళు ఉండేవి. ఊళ్ళో ఒకటి, కాలనీలో ఒకటి. ఊరి బడికి గదులు, ప్రహరీ, కుళాయి, మరుగుదొడ్లు. కాలనీ బడికి రొయ్యల గుంట పక్కన ఒకే ఒక్క గది. వాన బయట ఆగిపోయాక కూడా లోపల కాసేపు కురిసేది. క్రీస్తురాజు కోర్టుకు వెళ్ళాడు. ఒకే ఊరి పిల్లలకు కులానికో బడి ఏమిటని కోర్టు అడిగింది. రెండూ కలపమంది. కలిసి కూర్చోవాలి, కలిసి తినాలి, వంటకు కాలనీ మనిషినే పెట్టాలి అంది. అలా జరుగుతోందో లేదో ఏటా ఒక వకీలును పంపి చూస్తామని, నమ్మకం కుదిరేదాకా కేసు మూయబోమని కూడా చెప్పింది.

ఊరు తీర్పును కళ్ళకద్దుకుంది. కాలనీ పిల్లలు ఊరి బడి గడప తొక్కిన నెలలోనే ఊరి పిల్లలంతా నెల్లూరు రోడ్డు మీది కాన్వెంటుకు పసుపుపచ్చ బస్సెక్కారు. ఇంగ్లీషు చదువు మీద అంత ప్రేమ ఊరికి ఒక్కసారిగా ఎలా పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఇక్కడి హాజరుపట్టీలో వాళ్ళ పేర్లు మాత్రం కొట్టెయ్యలేదు. వకీలు వచ్చే రోజున కాన్వెంటు బస్సు ఊళ్ళోకి రాదు. బూట్లు విప్పించి, టైలు తీయించి, ఆ పిల్లలనే తెచ్చి కాలనీ పిల్లల మధ్య ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెడతారు. వకీలు చూసి, ముచ్చటపడి, తలకాయలు లెక్కపెట్టుకుని, పదకొండు గంటలకల్లా వెంకయ్య ఇంటికి భోజనానికి వెళ్ళిపోతాడు. వెంకయ్య మాజీ సర్పంచి. ఊళ్ళో సగం రొయ్యల గుంటలు ఆయనవే. కేసు వేసిన మరునాడు క్రీస్తురాజును గుంట పని నుంచి తీసేసింది కూడా ఆయనే.

ఈ ఏడు రెండు మెలికలు వచ్చాయి. రిపోర్టులన్నీ బాగున్నాయి కాబట్టి ఇది కూడా బాగుంటే కేసు మూసేస్తామని కోర్టు అంది. మూసేస్తే ఏమవుతుందో ఎలిశబెతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాలనీ బడికి అప్పుడే కొత్త రేకులు వేసి, సున్నం కొట్టి పెట్టారు. ‘పిల్లకాయలకి దగ్గరగా ఉంటాది గదా’ అంటున్నారు. ఊరి బడి గదులు రొయ్యల మేత బస్తాలకు బాగుంటాయని వెంకయ్య కొలతలు కూడా తీయించాడు. ఎలిశబెతు కూతురు షారన్ నాలుగో తరగతి. ఐదో తరగతికి ఆ పిల్ల మళ్ళీ గుంట పక్క గదిలోకే పోవాలి.

రెండో మెలిక ఊరికి వచ్చింది. ఈసారి వచ్చే వకీలు కొత్తమ్మాయి. మధ్యాహ్నం భోజనం వేళకే వస్తానని, పిల్లలు తింటుండగా చూస్తానని ముందే కబురు పెట్టింది.

అందుకే ముందురోజు సాయంత్రం హెడ్మాస్టరు చంద్రమౌళి ఎలిశబెతును వరండాలోకి పిలిచాడు. కుర్చీలో వెంకయ్య, ఆయన పక్కన భార్య చెంచులక్ష్మి ఉన్నారు.

“రేపు నువ్వు వంటకి రాబాకమ్మా,” అన్నాడు చంద్రమౌళి.

“రాకపోతే ఎట్ట సార్? ఆ వకీలమ్మ వంటమనిషి ఏదంటే?”

“వంటమనిషి ఉంటాది. పేరు నీదే ఉంటాది. మనిషి మాత్రం...” ఆయన వెంకయ్య వైపు చూశాడు.

“మా పిల్లకాయలు ఒకపూట పక్కన కూర్చోటం ఎట్టనో ఓర్చుకుంటున్నాం,” అన్నాడు వెంకయ్య. “తినేకాడికి వచ్చేసరికి... నీకు మాత్రం తెలవదామే? నిన్ను అన్నట్టు కాదు.”

“నన్ను కాదులే అన్నా. నా చేతుల్నే గదా అంటుండేది,” అంది ఎలిశబెతు.

వెంకయ్య ఆ మాట విననట్టే, “మా ఇంటామె చేస్తాది,” అన్నాడు.

చెంచులక్ష్మికి ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. “నేనా? నేను ఎలిశబెతునా?” అని గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“ఒక్కపూటే. ఆ కాడికి బొట్టు తీసెయ్యి. వాళ్ళు పెట్టుకోరు.”

“మొగుడే ఎదురుగా కూర్చొని బొట్టు తియ్యమంటుండాడు, విన్నారా సార్!” అంది చెంచులక్ష్మి. “నీకేమన్నా అయితే?”

“నాకేమీ గాదులేమే. మన మనవడు ఈమె చేతి కూడు తింటే అయితాది.”

చంద్రమౌళి గొంతు సవరించుకుని ఎలిశబెతు వైపు తిరిగాడు. రేపు నోరు మెదిపితే వంట పని ఉండదన్నాడు. నాలుగు మంచి మాటల మధ్య చుట్టి, మాత్ర మింగించినట్టు చెప్పాడు.

ఆ రాత్రి ఈ సంగతి చెబితే క్రీస్తురాజు చాలాసేపు నవ్వాడు. “నా పని పీక్కున్నారు. ఇప్పుడు నీ పేరు కూడా కావాల్నంటనా?”

“పీక్కోలేదయ్యా. ఒకపూటకి అరువడిగినారు.”

“జాగర్తగా వాడుకోమని చెప్పు. మా అత్త ముద్దుగా పెట్టుకున్న పేరు.”

మరునాడు ఎలిశబెతు తల్లుల వరసలో, వరండా చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కోపం కంటే వింతే ఎక్కువగా ఉంది ఆమెకు. తనను తానే చూస్తోంది మరి. ఆ ఎలిశబెతు తెల్లచీర కట్టుకుంది. బోసి నుదురు. తాళి జాకెట్టులోకి తోసేసినా పసుపుతాడు మెడ మీద కనపడుతూనే ఉంది. కాలనీ వంటసామాను ముట్టుకోనని చెంచులక్ష్మి గ్యాసుపొయ్యి, గరిటెలు, చివరికి ఉప్పుడబ్బా కూడా ఇంటినుంచే మోయించుకొచ్చింది. అన్నం వండడానికి పెద్ద ఇత్తడి గుండిగ వచ్చింది. పెళ్ళిళ్ళకు తప్ప అటక దిగని గుండిగ అది. దాని అంచు మీద వెంకయ్య తాత పేరు, ఊరి పేరుతో సహా చెక్కించి ఉంది.

ఆమె జన్మలో అంతమందికి వండిన మనిషి కాదు. పెళ్ళిళ్ళలో వండేవాళ్ళ మీద కేకలేసిన అనుభవమే అంతా. అన్నం అడుగున మాడి పైన సంకటిలా అయింది. సాంబారు ఎవరో ఏడుస్తూ చేసినట్టు ఉప్పగా కాగుతోంది. ఎలిశబెతు ముక్కు పసిగట్టింది గాని, పెదవి విప్పలేదు.

వకీలు బిందు వచ్చింది. చిన్న వయసు. నల్లకోటు చేతి మీద వేసుకుని నేరుగా తరగతి గదిలోకి వెళ్ళింది. లోపల పిల్లలు “గుడ్ మాణింగ్ మేడమ్” అని సాగదీశారు. కాలనీ పిల్లలు ‘నమస్కారం’ అనేసి, ఊరి పిల్లలు ఇంకా పాడుతుంటే నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఆమె గుమాస్తా ఓబులేసు మాత్రం వరండాలోనే ఫ్యాను కింద కుర్చీ చూసుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. ఉక్కకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రుమాలుతో మెడ తుడుచుకుంటూ ‘ఉస్సు’మన్నాడు.

ఆ ‘ఉస్సు’ చెంచులక్ష్మి చెవిన పడింది. ఆమె ఇంట్లో గడపలోకి వచ్చినవాళ్ళు మజ్జిగ తాగకుండా వెళ్ళడమన్నది లేదు. అత్తగారి కాలం నుంచీ అంతే. ఎలిశబెతుగా ఉన్నంతసేపూ ఎవరికీ ఏదీ అందించకుండా వంటపాకలోనే ఉండాలని మొగుడు పదిసార్లు చెప్పిన మాట ఆ క్షణాన ఆమెకు గుర్తులేదు. ఇంటినుంచి తెచ్చుకున్న మజ్జిగను గ్లాసులో పోసి, ఇంత ఉప్పు వేసి, చెంగుతో గ్లాసు అంచు తుడిచి మరీ తెచ్చింది.

“తాగు నాయనా, ఎండనబడి వచ్చినావు,” అంది.

ఓబులేసు చెయ్యి చాపాడు. “సల్లంగుండమ్మా. నీ పేరేంది?”

“ఎలిశబెతు,” అంది చెంచులక్ష్మి, బాగా వల్లె వేసిన పాఠం కాబట్టి.

చాచిన చెయ్యి గాలిలోనే ఆగి, జేబులోకి వెళ్ళి రుమాలు తీసుకుంది. “ఇప్పుడే తాగొచ్చినాలేమ్మా. ఆడ బెట్టు.”

“ఎప్పుడు తాగినావు? కారు దిగింది ఇప్పుడే గదా. తాగు, మంచి పెరుగు.”

“వద్దన్నానా!” అని కుర్చీని ఇంత వెనక్కు జరుపుకున్నాడు ఓబులేసు. పక్కన నిలబడ్డ వెంకయ్య వైపు ఒంగి, గొంతు తగ్గించాడు. గుమాస్తాలు గొంతు తగ్గిస్తే వరండా అంతటికీ వినపడుతుంది. “ఉద్యోగంగాబట్టి వస్తాంగానీ అన్నా, ఈళ్ళ చేతి నీళ్ళు తాగాల్నంటే మాకు కుదరదు. మీకు తెలవందేముంది.”

వెంకయ్య ఏమంటాడా అని స్తంభం దగ్గర ఎలిశబెతు చూస్తోంది. గ్లాసు పట్టుకుని చెంచులక్ష్మి కూడా చూస్తోంది.

వెంకయ్య తల ఊపాడు. మర్యాద కోసం ఊపినట్టు లేదు. చాలాకాలానికి తన మనసు తెలిసినవాడు దొరికినట్టు ఊపాడు. “నిజమే సార్. మాకూ అంతే. పెద్దోళ్ళకాడ్నించి వచ్చింది, ఎట్ట వదులుకుంటాం? నేనైతే ఈమె చేతిది చచ్చినా ముట్టను.”

గ్లాసు నేల మీద పడి దొర్లింది. మజ్జిగ ఓబులేసు బూట్ల మీదుగా పారింది.

“ఎవరి చేతిది ముట్టవయ్యా?” అని కేక పెట్టింది చెంచులక్ష్మి. “పొద్దున దోసెలు ఎవరి చేత్తో తిన్నావు? ఎన్నేళ్ళుగా మింగుతుండావు ఈ చేతి కూడు! నీ కోసం బొట్టు తీసి నిలబడితే, ఎవడో గుమాస్తా నోట్లో మాట నోట్లో ఉండంగానే తల ఊపుతావా?”

“మే, మే, ఊరుకోమే,” వెంకయ్య చేతులు ఊపాడు.

“ఊరుకునేదేంది! ఏం నాయనా, నేనెవరనుకున్నావు? జాకెట్టులో తాళి ఉండాది, చూపిస్తా ఉండు.” పసుపుతాడు బయటికి లాగింది. “నేను ఎలిశబెతును కాదు. ఈయన పెళ్ళాన్ని. మా ఇంట్లో మజ్జిగ తాగటానికి కలెక్టరాఫీసు వాళ్ళు కూడా గడపలో చెప్పులిడిచి వస్తారు!”

ఇంత బాధా ఎందుకో ఎలిశబెతుకు బాగానే అర్థమైంది. మనిషి చేతి నీళ్ళు తాగకపోవడం తప్పని చెంచులక్ష్మి ఇప్పటికీ అనడం లేదు. తన చేతివి తాగకపోవడమే తప్పు. ఎలిశబెతు జన్మంతా మోసినదాన్ని ఆ తల్లి మజ్జిగ గ్లాసు ఇచ్చినంతసేపు కూడా మోయలేకపోయింది.

గోలకు బిందు బయటికి వచ్చింది. వెనకే పిల్లలు.

“ఈమె వంటమనిషి కాదా?” అంది.

చంద్రమౌళి ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను ఏమీ చెప్పలేదు.

“మరి ఎలిశబెతు ఎవరు?”

చంద్రమౌళి చూపు ఫ్యాను మీద నుంచి దిగి స్తంభం దగ్గర ఆగింది. నిన్నటి మాత్ర ఆ చూపులో ఉంది. ఎలిశబెతు షారన్‌ను చూసింది. ఆ పిల్ల ఎవరిదో కాన్వెంటు బూటు దొరికితే అటూ ఇటూ తిప్పి చూస్తోంది. గుంట పక్క గది, కొత్త సున్నం కళ్ళ ముందు మెదిలాయి. చీర దులుపుకుని లేచింది.

“నేనమ్మా.”

“ఇన్నేళ్ళుగా వచ్చిన వకీళ్ళతో మీరు మాట్లాడలేదా?”

“అడిగినోళ్ళు లేరమ్మా. వచ్చినోళ్ళంతా పిల్లకాయల తలకాయలు లెక్కబెట్టుకోని పోయినారు.”

“ఈ పిల్లలు రోజూ బడికి వస్తారా?”

“మావోళ్ళు వస్తారు. వాళ్ళు ఏడాదికోసారి వస్తారమ్మా, తిరణాలకి వచ్చినట్టు.”

వెంకయ్య ఏదో అనబోయాడు. చెంచులక్ష్మి చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

బిందు చేతి గడియారం చూసుకుని, “భోజనం వేళ అయింది. మీరే వడ్డించండి,” అంది ఎలిశబెతుతో. తరువాత గుమాస్తా వైపు తిరిగి, “మీరూ కూర్చోండి ఓబులేసు గారూ,” అంది. ఆమె కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు. ఎలిశబెతు వడ్డించిన ముద్దను ఆముదం తాగినట్టు మింగాడు. ఆ మొహం కూటికో, కూడు పెట్టిన చేతికో చెప్పడం కష్టం. చెంచులక్ష్మి సాంబారు అలాంటిది. ఊరి పిల్లలను తల్లులు రెక్కలు పట్టుకుని లాక్కుపోయారు. వెంకయ్య మనవడు మాత్రం గుమ్మం దాకా వెళ్ళి, “నాకు ఆకలవతాంది,” అని ఏడ్చాడు.

కేసు మూయలేదు. పేర్లు ఇక్కడ, చదువు అక్కడ ఎలా నడుస్తున్నాయో చెప్పమని కోర్టు నోటీసులు పంపింది. వంటమనిషిని మార్చొద్దని ప్రత్యేకంగా రాసింది. దానితో ఊరి పిల్లలు తిరిగొచ్చి కాలనీ పిల్లల పక్కన కూర్చున్నారని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు ఈ ఊరు తెలియదు. పసుపుపచ్చ బస్సు నడుస్తూనే ఉంది. దక్కిందల్లా ఒకటే. గుంట పక్క గది తాళం తీయలేదు, ఊరి బడిలోకి మేత బస్తాలు రాలేదు. షారన్ ఐదో తరగతి ఇక్కడే చదువుతుంది. వెంకయ్య మాత్రం టిఫిను కోసం రోజూ తోటపల్లి గూడూరు పోతున్నాడని, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నా చెంచులక్ష్మి ఆయనకు కంచం పెట్టడం లేదని చెప్పుకుంటున్నారు.

ఇంకొకటి కూడా దక్కింది. ఆ రోజు ఎలిశబెతు గరిటె ముంచి వడ్డించింది కదా, ఇత్తడి గుండిగ మైలపడింది. దాన్ని తీసుకుపోవడానికి వెంకయ్య ఇంటినుంచి ఎవరూ రాలేదు. మాడిన అడుగును ఎలిశబెతు బూడిద, కొబ్బరిపీచు పెట్టి రెండురోజులు తోమింది. మంచి ఇత్తడి. చేతనైనవాళ్ళు వండితే అన్నం అడుగంటదు. ఇప్పుడు కాలనీ పిల్లలు రోజూ అందులో వండిన అన్నమే తింటారు. చదవడం వచ్చిన పిల్లలు వరసలో నిలబడి, కంచం చాపే ముందు అంచు మీద వెంకయ్య తాత పేరును పైకి కూడబలుక్కుని చదువుతుంటారు.