గులాబీ ఆకుల్లో కత్తెర కోత

మేడ మీద గులాబీ మొక్క ఆకుల్లో ముక్కలు మాయమవుతున్నాయి. పురుగు తింటే అంచు చిరుగులుగా ఉంటుంది. ఇక్కడ గుండీ పెట్టి గీసి కత్తిరించినట్టు గుండ్రంగా ఉంది. టైలరమ్మ ఆకు తెంపి కిందికి తెచ్చింది. జాకెట్లకి మెడలూ చంకలూ కత్తిరించి బతికే మనిషి ఆమె.

"ఇది కత్తెర కోతే," అంది భర్తతో.

"ఆకులతో ఎవరైనా జాకెట్టు కుట్టించుకుంటున్నారేమో," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

ఎవరో ఆమెకు తెలుసు. కింది వాటాలో తోడికోడలు ఉంటుంది. రెండు ఇళ్లకీ మేడ ఒకటే. టైలరమ్మ కూరగాయల తొక్కలు మేడ మీద మూత డబ్బాలో వేసి ఎరువు చేస్తుంది. దేన్నీ పారేయదు. దారం అయిపోయిన అట్ట గొట్టాలను కూడా కట్టగట్టి పిట్టగోడ వారన పెట్టింది. మేడంతా కంపు కొడుతోందని తోడికోడలు ఆ మధ్య గొడవపడింది. తర్వాత వచ్చి చిన్న కత్తెర అడిగి పట్టుకెళ్లింది. తిరిగివ్వలేదు.

"ఆ ఎరువుతోనే మొక్క లేచింది. మొక్క చస్తే డబ్బా తీసేస్తాననుకుంటోంది."

"పోయి అడగరాదూ?"

"అడిగితే ఒప్పుకుంటుందా? చేతిలో కత్తెర ఉండగా పట్టుకుంటా."

మేడ తలుపుకి తాళం కొంది. పట్టుకున్న రోజే వేసేయాలని. తోడికోడలికి పసిపిల్ల ఉంది. ఆ పిల్ల బట్టలు ఆరేయడానికి మేడ తప్ప చోటు లేదు. ఆ సంగతి తెలిసే కొంది.

మధ్యాహ్నం దుప్పటి ఆరేసి, తాళం చేత పట్టుకుని దాని వెనక నిలబడింది. తోడికోడలు బకెట్టుతో వచ్చింది. బట్టలు తీగ మీద వేయలేదు. బకెట్టు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గులాబీ మీదికి వంగింది.

టైలరమ్మ దుప్పటి లాగేసింది. "దొరికావే!"

"ష్! అరవకక్కా, పారిపోతుంది."

ఆమె చేతిలో కత్తెర లేదు. ఆకు అంచున తేనెటీగలాంటి ఈగ ఒకటి ఉంది. ఆకును కాళ్ల మధ్య ఇరికించుకుని నోటితో చుట్టూ కోసుకుంటూ వచ్చింది. ముక్క ఊడింది. దాన్ని పొట్ట కింద పట్టుకుని ఎగిరి పిట్టగోడ వైపు వెళ్లి, ఒక దారపు గొట్టంలోకి దూరింది.

టైలరమ్మ కట్ట ఎత్తి చూసింది. లోపల ఆకు ముక్కలు ఒకదాని మీద ఒకటి చుట్టి ఉన్నాయి. పక్కలకు కోలగా కోసినవి, మూతకు గుండ్రంగా కోసినవి. టేపూ లేదు, సుద్దముక్కా లేదు.

"రోజూ చూస్తున్నా," అంది తోడికోడలు. "పిల్లలకి గదులు కడుతోంది. మందు కొడతావేమోనని నీకు చెప్పలేదు."

"మరి నా కత్తెర?"

"దానికి పిల్ల గోళ్లే తెగట్లేదు. సాన పట్టించి ఇద్దామని ఉంచా." ఆమె చూపు టైలరమ్మ చేతి మీదికి పోయింది. "తాళమేంటక్కా?"

టైలరమ్మ డబ్బా వైపు చూసింది. "కాకులు... మూత తీసేస్తున్నాయి."

తోడికోడలు డబ్బాని చూసింది. తలుపు గడియని చూసింది. డబ్బాకి తాళం వేసే చోటే లేదు.

"కాకులకే కదా?"

"కాకులకే."

"అయితే రెండో తాళంచెవి నాకివ్వు."

చెయ్యి చాపి నిలబడింది. టైలరమ్మ రింగులోంచి ఒక చెవి తీసి ఇచ్చింది. తోడికోడలు దాన్ని తాళంలో పెట్టి తిప్పి, అది తెరుచుకున్నాకే కొంగున ముడి వేసుకుంది.