ఇద్దరి భాష

నందిగామ హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన భావనారాయణ గారికి సొంత మనవల మాట ఒక్కటీ అర్థం కాలేదు.

వాళ్లు కవలలు, మహతి, భార్గవ. పుట్టిన రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. జగ్గయ్యపేటలో రెండు గదుల పోర్షన్‌లో కొడుకూ కోడలూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం ఇంట్లోంచే ఉద్యోగం చేశారు. పొరుగువాళ్లు తలుపు తట్టలేదు, చుట్టాలు గడప తొక్కలేదు. షుగరున్న తాతనీ నానమ్మనీ పిల్లలు ఫోన్లోనే చూశారు. రెండున్నరేళ్లు వచ్చినా ఇద్దరి నోటా 'అమ్మ' అన్న మాట లేదు. చెవులు బాగానే ఉన్నాయని, ఈ మధ్య ఇలాంటి పిల్లలు చాలామంది వస్తున్నారని, నలుగురిలో తిప్పమని డాక్టరు చెప్పాడు. ఆఫీసులు తెరిచాక కొడుకు ఇద్దర్నీ నందిగామలో దించి వెళ్లాడు.

వారం రోజులు ఆయన బొమ్మలు చూపించి 'పిల్లి', 'బంతి' అని పలికించబోయారు. వాళ్లు ఆయన వంక చూస్తేగా. తమలో తాము మాత్రం గుసగుసగా ఏదో అనుకునేవాళ్లు. వట్టి కూతలనుకున్నారాయన.

ఒక పొద్దున ఆయన వరండాలో పేపరు చదువుతుంటే గోడ మీది కాకి ఎగిరిపోయింది. "లుబ్బుమొ" అన్నాడు భార్గవ. కాసేపటికి మహతి ఖాళీ గ్లాసు బోర్లించి "కీవమొ" అంది. ఆయన పేపరు పక్కన పెట్టారు. లుబ్బు అంటే కాకి. కీవ అంటే నీళ్లు. మరి ఆ 'మొ'? మధ్యాహ్నం అరటిపండు తినడం అయిపోగానే మళ్లీ వినిపించింది. లేకుండా పోయినదానికల్లా చివర 'మొ' చేరుతోంది.

వంటింట్లోకి వెళ్లి భార్యతో గొంతు తగ్గించి చెప్పారు. "దుర్గాంబా, వీళ్లు మాటలు రాని పిల్లలు కారే. మాట్లాడేవాళ్లు లేక వీళ్లే ఒక భాష చేసుకున్నారు. దానికి వ్యాకరణం కూడా ఉంది."

ఆవిడ గరిటె పక్కన పెట్టారు. "అయితే ముందు మనమే నేర్చుకుందాం లెండి" అన్నారు.

పదిహేను రోజుల్లో నలభై మాటలు పట్టుకున్నారిద్దరూ. మళ్లీ కాకి వాలి ఎగిరినప్పుడు ఆయన మెల్లిగా "లుబ్బుమొ" అన్నారు.

పిల్లలు కొయ్యబారిపోయారు. మహతి దగ్గరికొచ్చి ఆయన పెదవుల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత ఒళ్లోకెక్కి గడగడా ఏదేదో చెప్పుకుపోయింది. ఆయనకు సగం అర్థం కాలేదు. "అవునమ్మా, కాకి ఎగిరిపోయింది" అన్నారు.

అక్కణ్ణుంచి వాళ్ల మాట పక్కన తెలుగు మాట చేర్చి చెబుతూ వచ్చారు. వీధిలో పిల్లలూ కలిశారు. దసరాకల్లా ఇద్దరికీ తెలుగు వచ్చేసింది. సొంత మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆయన 'కీవ' అంటే నవ్వేవాళ్లు.

కొడుకు తీసుకెళ్లడానికి వచ్చిన రోజున ఆయన "రేపొస్తానమ్మా" అంటే, మహతి కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "తాతా, రేపు కాదు, ఇప్పుడే రా" అంది.

బొమ్మలో చూపించలేని రేపన్నది ఈ పిల్ల ఎలా పట్టుకుందో, దాన్ని కాదనడం ఎవరు నేర్పారో ఆయనకు అంతుపట్టలేదు. చెయ్యి ఊపుతూ గేటు దాకా నడిచారు. కారు హైవే ఎక్కింది.