పేజీకి మూడు తప్పులు

జొన్న రొట్టెలు కొడుతూ, ఇవాళ ఏ తప్పులు పెట్టాలా అని ఆలోచిస్తున్నాను. పేజీకి మూడు చాలు. మరీ తెలివితక్కువవి పెట్టకూడదు, ఆయనకు అనుమానం వస్తుంది. మరీ కష్టమైనవీ పెట్టకూడదు, ఆయనకు దొరకవు.

మా ఆయన భూమేశ్ బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు సారు. నేను యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో ఏడు. మాది జుక్కల్ అవతల ఊరు. పుట్టింట్లో మరాఠీ, బడిలో తెలుగు, ఇప్పుడు రాసేది ఇంగ్లీషు. పెళ్లయిన కొత్తలో నా తెలుగు ఎట్లా ఉంటుందో మా అత్త బక్కమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ పలికి చూపించి నవ్వించేది. తెలుగే సక్కగ రాదు, ఇంగ్లీషుల ఏం రాస్తదట అనేది. నిజానికి ఇంగ్లీషులో రాసేటప్పుడే నాకు కాస్త ఊపిరాడేది. ఆ భాషలో నన్ను చూసి నవ్వడానికి మా ఇంట్లో ఎవరూ లేరు, ఆయన ఒక్కడు తప్ప.

మొదటి వ్యాసం ఆయనకు చూపించినప్పుడు రెండుసార్లు చదివాడు. ఎర్ర పెన్ను మూత తీసి, గీయడానికి ఏమీ దొరక్క, ఎక్కడ చూసి రాసినవ్ అన్నాడు. ఇక రెండు రోజులు ఆయనకు కూరలో ఉప్పెక్కువైంది, చాయ్ చల్లారిపోయింది, నాతో మాటల్లేవు. మగనికంటె ఎక్కువ తెలిసినట్టు కనవడొద్దు బిడ్డా అని అత్త నా మంచికే చెప్పింది. తర్వాతి వ్యాసంలో పొరపాటున ఒక తప్పు దొర్లింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రం బస్టాండు నుంచి మిర్చీలు తెచ్చాడు. నాకు సంగతి అర్థమైంది. అప్పటినుంచి శుభ్రంగా రాసుకుని, ఏరిన బియ్యంలో మళ్లీ రాళ్లు కలిపినట్టు, తప్పులు కలిపి ఇస్తున్నాను. ఆయన దిద్దుతాడు. మా ఇంటిదాని పీజీ సగం నేనే చేస్తున్న అని స్టాఫ్‌రూములో చెప్పుకుంటాడట. వంట, బట్టలు, బస్సు ప్రయాణం, చదువు, వీటన్నిటి మీద ఇదొక పని. అలసిపోయాను.

మొన్న గురువారం నా ప్రాజెక్టు చూసే ప్రేమల మేడం పిలిచింది. కోటగిరి వైపు నాట్లు వేసే ఆడవాళ్ల మీద రాస్తున్నాను. మేడం ఒక వాక్యం మీద వేలు పెట్టి, ఇది ఇట్లనే ఉండాల్నా అని అడిగింది. ఎంతో ఆలోచించి రాసుకున్న వాక్యం అది. ఉండాలి మేడం అనబోయాను. నోట్లోంచి వచ్చింది వేరే.

"మా సారును అడిగి చెప్త మేడం."

మేడం కాగితం కింద పెట్టింది. "వచ్చే నెల వైవాల నీ పక్కన ఎవలుంటరు సుజనా?"

బస్సులో కూర్చుని ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఒప్పో తప్పో నిజంగానే తెలియలేదు. రెండేళ్లుగా తప్పులు నటించి నటించి, ఏది నేను పెట్టిందో, ఏది నాకు రానిదో కలిసిపోయింది. భయమేసింది. ఇట్లాగే వైవాకు వెళ్తే పట్టా వచ్చినా అది నాది కాదు. ఏడుపొచ్చి కిటికీ వైపు తిరిగాను.

ఇవాళ ఆదివారం. చివరి అధ్యాయం ఆయనకు ఇవ్వాలి. రొట్టెల మీద మూత పెట్టి, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క తప్పూ పెట్టబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన ఒక పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. పెన్ను చేతిలో అట్లాగే ఉంది, ముఖం ముడుచుకుంటోంది. అత్త పప్పు ఏరడం ఆపి మా ఇద్దర్నీ చూస్తోంది. నాలుగో పేజీలో ఆయన గట్టిగా ఒక గీత గీశాడు.

"ఇగో. నేను సూడకుంటె గిది గిట్లనే పోతుండె. నీకెప్పుడొస్తది సుజనా?"

వంగి చూశాను. తప్పే. నాకు తెలియకుండా నేను చేసింది. సిగ్గుపడతాననుకున్నాను, పడలేదు. నా తప్పు ఎట్లా ఉంటుందో రెండేళ్ల తర్వాత చూస్తున్నాను. ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకున్నాను.

"ఇది నిజంగ నా తప్పే" అన్నాను. "ఇన్నొద్దులు మీరు దిద్దినయన్ని నేను కావాల్నని పెట్టినయి."