కామాక్షమ్మ పత్యం

హజరత్తయ్యకి తన తెలివి మీద గొప్ప నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఎట్టా కూలిందో తర్వాత ఆయనే నవ్వుతా చెప్పుకునేవాడు. వినేవాళ్ళు దొరక్కపోతే ఎద్దులకైనా చెప్పేవాడు. దర్గాకి మొక్కుకుంటే పుట్టినాడని ఆ పేరు పెట్టింది తల్లి. బిడ్డనడిగింది గానీ బిడ్డకి బుర్ర కూడా కావాలని అడగడం మరిచిపోయిందని ఆయన వాదన. కొడవలూరు పక్కన పల్లె, కాస్త మాగాణి, పెళ్ళాం కామాక్షమ్మ. ఇంట్లో ఇద్దరే మనుషులు.

ఊరికి పంచాయతీ రేడియో కొత్తగా వచ్చిన ఏడాది కామాక్షమ్మ నీళ్ళు పోసుకుంది. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఈసారి నాట్ల కాడ కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడింది. హజరత్తయ్య అప్పటికప్పుడు బండి కట్టి బుచ్చిరెడ్డిపాలెం తీసకపోయినాడు. డాక్టరు పద్మనాభయ్య గారు ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసినాడు. కాటా ఎక్కించినాడు. ఆమెని బయట కూర్చోమని, మొగుణ్ణి దగ్గరికి పిలిచినాడు.

"ఒంట్లో రక్తం లేదయ్యా. ఇట్టానే ఉంటే కాన్పులో తల్లి దక్కడమే కష్టం, ఇంక బిడ్డ మాట నేను చెప్పలేను."

ఏం చెయ్యాల సార్ అని చేతులు జోడించినాడు హజరత్తయ్య.

"మందు ఇస్తా గానీ ఒట్టి మందుతో అయ్యే పని కాదు. తిండి సరిగా ఉండాల. వేపుళ్ళు, ఊరగాయలు తగ్గించి రోజూ ఒక ఆకుకూర, ఒక కాయగూర, పప్పు, గుడ్డు వండించు. కొవ్వులేని చేప, కొరమీనో సొరో, ఏది దొరికితే అది తెచ్చిపెట్టు. దంపుడు బియ్యం మంచిది. రాజుల తిండేం కాదు, మీ పెరట్లోదే."

"అదెంత పని సార్, నేను చూసుకుంటా గదా," అన్నాడు హజరత్తయ్య. చూసుకున్నాడు కూడా. పొద్దున్నే కాలవగట్టుకు పోయి పొన్నగంటాకు కోసకొచ్చేవాడు. చెట్టెక్కి మునగాకు విరిచేవాడు. పందిరి మీద బీరకాయ ముదరకముందే తెంపేవాడు. గోడవతల ఇమాంబీ కోళ్ళు పెంచేది, ఆమె దగ్గర గుడ్లు. అల్లూరు దిక్కునుంచి చేపల గంపలొస్తే అందరికన్నా ముందు ఈయనే ఎదురుపోయి, మొప్పలెత్తి చూసి మరీ ఏరుకునేవాడు. అంతటితో ఊరుకుంటే హజరత్తయ్య ఎందుకవుతాడు? పొయ్యి పక్కన పీట వేసుక్కూర్చుని, నూనె తగ్గించమని, ఆకు ఎక్కువ ఉడకనీయొద్దని ఊదరగొట్టేవాడు. బుద్ధెరిగినప్పటి నుంచి పొయ్యి కాడే పెరిగిన కామాక్షమ్మ, పాపం, అన్నిటికీ తలూపేది.

ఆ వంట ఎట్టా ఉండేదంటారా? పొగలుగక్కే మొలగొలుకుల బియ్యం దంపుడన్నం, మునగాకేసిన పెసరపప్పు, పాలుపోసి వండిన బీరకాయ, పచ్చి మామిడికాయ ముక్కలేసిన కొరమీను పులుసు. ముందు హజరత్తయ్య కూర్చునేవాడు. కామాక్షమ్మ నిలబడి వడ్డించేది. డాక్టరు తిండి ఇంత కమ్మగా ఉంటదని తెలిస్తే ఎప్పుడో జబ్బు తెచ్చుకునేవాణ్ణే అని మెచ్చుకుంటా, లొట్టలేసుకుంటా తినేవాడు. ఇంకొంచెం పెట్టనా అంటే వద్దనేవాడు కాదు. వద్దంటే ఆమె నొచ్చుకుంటదని ఆయన మంచి మనసు.

ఆయన చెయ్యి కడిగినాక అదే కంచం ముందు ఆమె కూర్చునేది. అన్నిళ్ళల్లోనూ అంతే గదా. ఆమె ఏం తిన్నదో హజరత్తయ్య ఏనాడూ చూడలేదు. చూట్టానికి ఆయన అక్కడుంటే గదా, అప్పటికే పంచలో నులకమంచం మీద గుర్రు పెడతా ఉండేవాడు.

కొన్నాళ్ళకి రైసుమిల్లు కాడ బస్తాలు మోసే మాల్యాద్రి అడగనే అడిగినాడు. "ఏందన్నా, ఈమధ్య నిగనిగలాడతా ఉండావు?"

"అంతా తిండి మహిమరా," అని హజరత్తయ్య బస్తా మీద కూర్చుని ఆకుకూరల గురించి ఉపన్యాసం మొదలుపెట్టినాడు. మోకాళ్ళ నొప్పులు పోయినయ్యంట, నిద్ర బాగా పడతా ఉందంట. ఆ ఉపన్యాసం తల్చుకుంటే తర్వాత్తర్వాత ఆయనకి బస్తాల సందున దూరి దాక్కోవాలనిపించేది.

మళ్ళీ బుచ్చిరెడ్డిపాలెం పోయినారు. డాక్టరు రెప్ప లాగి చూస్తే అదే పాలిపోయిన తెలుపు. కాటా ఎక్కిస్తే ముందుకన్నా తగ్గింది. పద్మనాభయ్య గారు కాసేపు హజరత్తయ్య వైపు ఎగాదిగా చూసి, "నువ్వెక్కు," అన్నాడు. ఎక్కితే ముల్లు చరచరా పోయి యాడనో ఆగింది.

"నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా?"

"మజ్జిగన్నం, నిమ్మకాయ ఊరగాయ," అన్నది కామాక్షమ్మ.

"ఇంట్లో చేప వండలేదా?"

"వండినానయ్యా. ఆయన తిన్నాడు గదా. తోకముక్క మిగిలితే పొద్దునకి ఆయనకే ఉంచినా."

డాక్టరు కోప్పడినా బాగుండేది. "రోగం ఆమెకీ, పత్యం నీకూనా," అని మాత్రం అని ఊరుకున్నాడు.

బండిలో వస్తా వస్తా హజరత్తయ్య పెళ్ళాం మొహం చూడలేకపోయినాడు. కడుపుతో ఉండేది అదీ, పెరిగింది నా పొట్టా అని తనని తాను పడతిట్టుకున్నాడు. వాడుక తిట్లన్నీ అయిపోతే ఎద్దుల కోసం దాచుకున్నవి కూడా వాడుకున్నాడు. దాన్ని నా చేతులతో చంపుకుంటా ఉన్నానే అని భయం కూడా పట్టుకుంది.

ఆ పూట, "మే, ముందు నువ్వు తిను," అన్నాడు. ఇల్లెక్కి గంతులెయ్యమన్నట్టు చూసింది ఆమె. "మొగుడు తినకముందు కంచం ముందర కూర్చుంటే, పైనున్న మా అమ్మ సిగ్గుతో చస్తది మామా," అన్నది. గదిమినాడు, బతిమాలినాడు. ఆమె రెండు ముద్దలు తిని కడుపు నిండిందనేది, మిగిలిందంతా సాయంత్రం మళ్ళీ ఈయన కంచంలోకే వచ్చేది. పోనీ తనే తక్కువ తింటే, ఒంట్లో బాగలేదేమోనని ఆమెకి దిగులు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. మొగుడు కంచంలో వదిలేసింది పారెయ్యరు, పెళ్ళాం తినాల. అయితే వదిలెయ్యాల. ఊరికే వదిలితే నమ్మదు, బాగలేదనాల. ఆరోజు కొరమీను పులుసు అమృతంలా ఉంది. హజరత్తయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ప్రాణం ఉగ్గబట్టుకుని, "ఇది పులుసా, కుడితా? ఎద్దులు కూడా మూతి పెట్టవు," అని కంచం తోసేసి లేచిపోయినాడు. తలుపు సందులోంచి చూసినాడు. కామాక్షమ్మ కాసేపు కంచం వైపే చూస్తా కూర్చుంది. తర్వాత కలుపుకుని తిన్నది. ముల్లు కూడా తెల్లగా చీకి పెట్టింది.

ఇంక రోజూ ఇదే పని. రోజుకో వంక కావాల. వంకలు పెట్టడంలో హజరత్తయ్యకి అంత ప్రావీణ్యం లేదు. ఒకసారి నోట్లో పెట్టుకోకముందే ఉప్పెక్కువైందన్నాడు. ఒకసారి గుడ్డు వంకరగా ఉందన్నాడు. గోడవతల ఇమాంబీ అన్నీ వింటానే ఉంది. "వట్టి మనిషి కూడా కాదు, దాన్ని అట్టా సాధిస్తావేంది అన్నా? నీ నోట్లో దుమ్ము పడ," అని తిట్టి, గుడ్లు ఈయన చేతికియ్యడం మానేసి కామాక్షమ్మకే ఇచ్చేది. ఊళ్ళో కూడా హజరత్తయ్య పెళ్ళాన్ని ఏడిపిస్తాడని పేరు పడింది. మిల్లు కాడ ఉపన్యాసానికి జనం లేరు.

పోను పోను కామాక్షమ్మ ఆయనకి కూర పెట్టడమే మానేసింది. "నీకు ఇయ్యి పడవు గదా మామా," అని మజ్జిగన్నంలో నిమ్మకాయ ఊరగాయ బద్ద వేసి పెట్టేది. గిన్నెలో ఉండే పప్పూ కూరా చేపా, పారేస్తే పాపమని తను తినేది. హజరత్తయ్య పొట్ట చడీచప్పుడు లేకుండా లోపలికి పోయింది. నిజం చెపుదామని నాలిక చివరిదాకా వచ్చేది. చెపితే మళ్ళీ కొరమీను తన కంచంలోకి వస్తది, అందుకని మింగేసేవాడు. మింగడానికి ఆయనకి మిగిలింది అదొక్కటే.

నెలలు నిండేసరికి డాక్టరు రెప్ప లాగి చూసి, ఇప్పుడు బాగుందన్నాడు. కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. బాలింతకి పాలు పడతాయని ఇమాంబీ సొరచేప ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లి వేసి పుట్టు చేసి తెచ్చింది. ఆ వాసనకి హజరత్తయ్య పంచలోంచి లోపలికి నడిచి, తన మజ్జిగన్నం కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

కామాక్షమ్మ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తింటా ఉంది. ఆయనకన్నా ముందే మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండానే ఒక ముద్ద చేసి ఆయన వైపు చాపింది.

"నాకు పడదు మే," అన్నాడు హజరత్తయ్య.

"పడదని నాకు చెప్తావా? మొదటి రోజే తెలుసు మామా. కుడితన్నావు గానీ చెయ్యి నాక్కుంటా లేచినావు."

హజరత్తయ్య చేతిలో కంచం కింద పెట్టినాడు. ఇన్ని నెలలు తిట్టినవాడు తనూ, ఆడించింది ఆమెనా. "తెలిస్తే మరి చెప్పలేదేం?" అన్నాడు.

"చెప్తే మళ్ళీ నీకు పెట్టాల్సొస్తది గదా," అని బిడ్డ తల నిమిరింది. "నాకు ఆకలేసేది మామా. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ."

రక్తం గురించి, కాటా గురించి, కాన్పు గురించి ఆలోచించినాడు హజరత్తయ్య. ఆకుకూరల గురించి ఊరంతటికీ చెప్పినాడు. పెళ్ళానికి ఆకలేస్తదని మాత్రం ఏనాడూ తట్టలేదు. ఆయనకి సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్యి.

"పట్టు," అన్నది కామాక్షమ్మ. ఆయన ఆ ముద్ద అందుకుని నోట్లో పెట్టుకుని, పుట్టు గిన్నె ఆమె వైపే జరిపినాడు.