బికాజ్ తర్వాత మాట

వంటావిడ పాత హోటల్లో పని మానేసింది కుళ్లిన మాంసం వల్ల. కంపు కొట్టే ముక్కల్ని వెనిగర్లో కడిగి, మసాలా దట్టించి, నవ్వుతూ వడ్డించేవాళ్లు అక్కడ. ఛీ!

మొగుడు నడుం పడిపోయి మంచాన ఉన్నాడు. ఆవిడ సంపాదిస్తేనే ఇల్లు గడిచేది. కొత్తచోట ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అన్నారని స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరింది.

"పాత పని ఎందుకు మానేశారని అడుగుతారు. ఏం చెప్తారు?" అన్నాడు మాస్టారు.

"బికాజ్... మాంసం కంపు కొట్టింది సార్."

క్లాసంతా పగలబడి నవ్వింది.

"కారణం అడిగితే కారణం చెప్పేస్తారా అమ్మా ఎవరైనా? బికాజ్ ఐ వాంట్ టు గ్రో. అంతే, ఇంకో ముక్క మాట్లాడకండి."

ఎదగాలట, ఎదగడం! మోకాళ్లు అరిగిన మనిషి ఇంకెంత ఎదుగుతుంది, తల కప్పుకి తగిలేదాకానా? అయినా చిలకలా వల్లించింది. ఉద్యోగం వచ్చింది.

చేరిన కొద్దిరోజులకే ఓ పొద్దున ఫ్రిజ్ తీస్తే గుప్పుమంది. జిగురు సాగుతున్న ముక్కలు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది ఆవిడ బతుకు.

"కడిగెయ్, మసాలా కాస్త ఎక్కువ తగిలించు," అన్నాడు మేనేజరు, పళ్లు కుట్టుకుంటూ.

కడిగింది. వండింది. సబ్బుతో ఎంత రుద్దినా చేతుల కంపు వదల్లేదు. మేనేజరు మీద కన్నా తన మీదే ఎక్కువ రోత పుట్టింది.

ఆ మధ్యాహ్నమే మాస్టారు కొత్త విద్యార్థుల్ని వెంటేసుకుని భోజనానికి దిగాడు. ఆవిడని వంటింట్లోంచి పిలిపించాడు.

"చూడండి, నేను నేర్పిన ఒక్క వాక్యంతో ఉద్యోగం కొట్టింది ఈవిడ," అంటూ ముక్క నోటిదాకా తీసుకెళ్లాడు.

"తినకండి సార్."

"అదేంటమ్మా, ఎందుకు?"

"బికాజ్..." అని ఆగింది. పక్కనే మేనేజరు గుడ్లురుముతున్నాడు. మొగుడి మందుల సీసా అడుగంటిన సంగతి గుర్తొచ్చింది.

"ఊఁ, బికాజ్?" అన్నాడు మాస్టారు, అచ్చం క్లాసులో అడిగినట్టే.

"అది కుళ్లింది సార్. పొద్దున నేనే కడిగాను."

నడుముకున్న ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టింది. మాస్టారు ముక్కని ప్లేటులో వదిలేసి, వేళ్లు వాసన చూసుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.